నలభై మూడో అడుగు

నూట ఎనభై ఎనిమిదో అడుగులో
రెండో అంచె మొదటి అంచె మీద కూర్చోలేదు.

నొక్కాం. ఓస్నె మోకాలు పెట్టి మరీ నొక్కింది.
ఒక పక్క టక్కుమంది.
ఇంకో పక్క గోరు పట్టేంత సందు,
అందులోంచి దీపం వెలుగు సన్నగా అవతలికి పోతోంది.

"ముక్క తక్కువ పంపారు, హల్వర్" అంది.
తొమ్మిదేళ్ళ గొంతులో తిరుగులేని తీర్పు.
నేనేం మాట్లాడలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ద్వీపం చివర
నిజం రాకెట్లకి బోల్టులు లెక్కపెట్టినవాణ్ణి.
తక్కువైందని ఎవరు గోలపెట్టినా
చివరికి వాళ్ళ జేబులోనే దొరికేది.

బయట మధ్యాహ్నం రెండు గంటల చీకటి.
నవంబరులో వెళ్ళిన సూర్యుడు ఇంకా రాలేదు.
వాళ్ళమ్మ ట్యూరిడ్ ఆసుపత్రి డ్యూటీలో ఉంది.
బల్ల మీద చల్లారిపోయిన వాఫుల్,
చెమట పట్టిన బ్రౌన్ చీజ్,
ఐస్‌క్రీం డబ్బాల్లో ఏ రంగుకారంగు వేరుచేసిన ఇటుకలు.

చిన్న చిన్న ముక్కలు ఒకటీ అరా ఎక్కువే వేస్తారు పెట్టెలో,
పారేసుకుంటామని వాళ్ళకి తెలుసు.
నాలుగు బొడిపెల నల్ల ఇటుక మాత్రం ఎక్కువ రాదు.
అదేమో డబ్బా మూల
పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చుని ఉంది.

పుస్తకం వెనక్కి తిప్పాం.
నూట యాభై. నూట పది. తొంభై.
కట్టేటప్పుడు తలూపి దాటేసిన బొమ్మలన్నీ
ఇప్పుడు ఒక్కొక్కటే నిలదీస్తున్నాయి.

నలభై మూడు.
నల్ల ఇటుక పక్కన ఇంకో నల్ల ఇటుక.
రెండోదాన్ని నీడ అనుకున్నాను.
ఎడమ కంట్లో శుక్లం,
డాక్టరు పిలుపు మార్చిలో.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు.
ఏ అడుగు ఎవరు కట్టారో బొమ్మల పుస్తకం రాసిపెట్టదు.
మా పనిలో రాసేవాళ్ళం,
ప్రతి బోల్టుకీ ఎదురుగా ఒక సంతకం,
తుడిచినా కాగితం మీద పల్లం మిగిలేది.

"అది నేనే" అన్నాను.

ఓస్నె నా కళ్ళజోడు వంక చూసింది,
తర్వాత రాకెట్ వంక.
"ఎంత వరకూ విప్పాలి?"
"అడుగు దాకా.
తప్పు అడుగున ఉంది."

మూడు సాయంత్రాలు కట్టింది
ముప్పావు గంటలో ఊడింది.
"పళ్ళతో వద్దు" అన్నాను.
అప్పటికే ఓ పలక మీద నాలుగు గాట్లు.

తెల్ల తొక్క వలిచేసరికి
లోపలంతా ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ.
"ఎవరికీ కనబడని చోట ఇన్ని రంగులెందుకు?"
"కట్టేవాళ్ళు దారి తప్పకుండా."
"మనం తప్పాంగా."
"తప్పాం."

నల్ల ఇటుక తన చోట్లోకి వెళ్ళినప్పుడు
ఏమంత చప్పుడు కాలేదు.
ఓస్నె చెవి ఆనించి మరీ వింది.

"ఇకనుంచి నల్లవి నేను చూస్తా,
నువ్వు అంకెలు చదువు."
చదివాను. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు
గొంతు సవరించుకుంటూ, నలభై నాలుగు, నలభై అయిదు.
నూట ముప్పై ఒకటి దగ్గర ట్యూరిడ్ వచ్చింది,
బూట్ల నిండా మంచుతో.
నిద్ర కళ్ళ పిల్లకి ఊలు టోపీ తొడిగి
రోడ్డు దాటించి తీసుకెళ్ళింది.

వాఫుల్ పడేయబుద్ధి కాక నేనే తిన్నాను.
తింటూ రాకెట్‌ని దీపం కింద మెల్లగా తిప్పాను,
పాత అలవాటు, మానలేను.

నూట పన్నెండో అడుగులో
గాలి చువ్వల పలక ఒకటి అడ్డంగా ఉంది.
నిలువుగా ఉండాలి. అది ఓస్నె కట్టిన అడుగు.
ఏ బరువూ మోయని పలక,
ఎలా పెట్టినా రాకెట్ నిలబడుతుంది.

నారింజ పనిముట్టు చేతిలోకి తీసుకున్నాను.
కొంతసేపు అలాగే కూర్చుని,
డబ్బాలో పడేసి
దీపం ఆర్పాను.

రేపు చూసుకుంటుంది.
చూసుకోకపోయినా.